ఎక్సలెంటా, అవుట్‌స్టాండింగా, మెరిటోరియసా: ఒక రికమండేషన్ లెటర్ కేస్ స్టడీ

నేను ఇంగ్లిష్ డాక్యుమెంట్లు ఎడిట్ చేస్తుంటాను, ఎక్కువగా ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లల ఎస్‌ఓపీలు (ఎందుకు చదవాలనుకుంటున్నారో వాళ్లే రాసుకునే వ్యాసాలు), వాళ్ల లెక్చరర్లు ఇచ్చే రికమండేషన్ లెటర్లు. ఈ కేసు కోస్తాలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్) డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉన్న ఒక మేడమ్‌ది. తన స్టూడెంట్ కోసం రెండు లెటర్లు రాశారు, ఒకటి అమెరికాలో ఎమ్మెస్ అడ్మిషన్‌కి, ఇంకోటి ఇక్కడే ఒక ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్‌కి. చాలా చోట్ల స్టూడెంటే లెటర్ టైప్ చేసుకొచ్చి సార్ చేత సంతకం పెట్టించుకుంటాడు, ఈవిడ అలా కాదు, కూర్చుని తనే రాశారు, ఆ అమ్మాయి మీద ఉన్న అభిమానం అంతా ఆ పేజీలో పెట్టాలని చూశారు. ఆ అభిమానం చదివేవాళ్లకి అందకుండా పోతుందే అన్నదే నా బాధ, అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నా. మేడమ్ సరే అన్నారు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదటి లెటర్ ఒక పేజీ. అందులో అమ్మాయి మెరిటోరియస్ స్టూడెంట్, ఆమెది ఎక్సలెంట్ అండ్ అవుట్‌స్టాండింగ్ అకడమిక్ రికార్డ్, ఆమె బ్రిలియంట్, సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ప్రాజెక్టులో కమెండబుల్ వర్క్ చేసింది, డిస్టింగ్విష్డ్ పర్సనాలిటీ, మీ ఎస్టీమ్డ్ యూనివర్సిటీకి వర్దీ అండ్ డిజర్వింగ్ క్యాండిడేట్. గ్రామర్ తప్పులు పెద్దగా లేవు. స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. కానీ పేజీ అంతా చదివాక ఆ అమ్మాయి ఏం చేసిందో ఒక్క ముక్క తెలీదు.

ఫోన్‌లో మేడమ్ అన్నది ఇది: "ఇవన్నీ ఒకటేగా అండీ, ఏది బరువుగా ఉంటే అది ఉంచండి, మిగతావి మీ ఇష్టం." ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నా, అసలు ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. ఈ పదాల్లో తేడా బరువులో కాదు, కొలతలో ఉంది. ఒక్కో పదం దేంతోనో పోల్చి మాట్లాడుతుంది, క్లాసులో మిగతావాళ్లతోనా, ఒక ప్రమాణంతోనా, చేసిన సేవతోనా, అవసరంతోనా, ఆ కొలత ఏంటో చూసుకోకుండా పదం పెడితే చదివేవాడికి అది ఖాళీగా కనపడుతుంది, లేదా ఇంకా ఘోరం, వేరే అర్థంలో కనపడుతుంది. తెలుగులో 'అర్హురాలు' అని ఒక్క మాట అంటే సరిపోతుంది, రూల్ ప్రకారం దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నా అదే, ఇవ్వాల్సిందే ఈ అమ్మాయికి అన్నా అదే, ఆ స్థాయి ఉంది అన్నా అదే. ఇంగ్లిష్‌లో ఆ మూడూ ఎలిజిబుల్, డిజర్వింగ్, వర్దీ అని మూడు దారులు, మనం మనసులో ఒక మాట అనుకుని ఈ మూడిట్లో చేతికి దొరికింది తీసుకుంటాం.

ముందు మెరిటోరియస్ సంగతి, ఎందుకంటే మన లెటర్లలో ఎక్కువగా దారి తప్పేది ఇదే. మనకి ఈ పదం అంటే మార్కులు. మెరిట్ లిస్టు, మెరిట్ స్కాలర్‌షిప్, మెరిట్ సీటు, పేపర్లో 'మెరిటోరియస్ స్టూడెంట్స్'కి సన్మానం, కాబట్టి ర్యాంకు వచ్చిన ప్రతి పిల్లా మెరిటోరియసే. ఇండియన్ ఇంగ్లిష్‌లో ఇది తప్పు కాదు, అందరికీ అర్థమవుతుంది. అమెరికాలో ప్రొఫెసర్‌కి ఈ పదం వినగానే మార్కులు గుర్తురావు, సర్వీస్ గుర్తొస్తుంది, వాళ్ల మిలిటరీలో మెరిటోరియస్ సర్వీస్ మెడల్ అని 1969 నుంచి ఇస్తున్నారు, బ్రాంజ్ స్టార్ కూడా హీరోయిక్ లేదా మెరిటోరియస్ పనికి ఇస్తారు. ఇంకోచోట ఇది కోర్టులో వినపడుతుంది, మెరిటోరియస్ క్లెయిమ్ అంటే గెలిచే కేసు అని కాదు, వినడానికి తగినంత సరుకు ఉన్న కేసు అని మాత్రమే. ఇరవై రెండేళ్ల స్టూడెంట్‌ని మెరిటోరియస్ అంటే ఆ ప్రొఫెసర్ తప్పుగా ఏం అనుకోడు, కానీ ఏమీ అనుకోడు కూడా, ఆ పదం మీదుగా వెళ్లిపోతాడు. అడ్మిషన్ లెటర్లోంచి తీసేశాం. ట్రస్టు లెటర్లో మాత్రం ఉంచాం, ఎందుకంటే అది చదివేది మనవాళ్లు, వాళ్ల నోటిఫికేషన్లోనే ఆ పదం ఉంది, వాళ్ల పదం వాళ్లకి చెప్పడం న్యాయం.

తర్వాత ఎక్సలెంట్, అవుట్‌స్టాండింగ్. మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టారు, రెట్టింపు పొగిడినట్టు ఉంటుందని. ఈ రెండిట్లో ఒకటి మెట్టు పైన, ఒకటి మెట్టు కింద అని మనకి రోజూ చూసే కాగితంలోనే రాసి ఉంది. మన యూనివర్సిటీలకి యూజీసీ ఇచ్చిన సీబీసీఎస్ అనే గ్రేడింగ్ పద్ధతి చూడండి, పది పాయింట్లకి 'O' గ్రేడ్, దాని పేరు అవుట్‌స్టాండింగ్, తొమ్మిదికి ఏ ప్లస్, దాని పేరు ఎక్సలెంట్, ఎనిమిదికి ఏ, వెరీ గుడ్, ఏడుకి బీ ప్లస్, గుడ్. అమెరికాలో అండర్‌గ్రాడ్ అప్లికేషన్లకి వాడే కామన్ యాప్ టీచర్ ఫామ్‌లో అయితే అంకెలతోనే పెట్టేశారు, ఎక్సలెంట్ అంటే టాప్ 10 శాతం, అవుట్‌స్టాండింగ్ అంటే టాప్ 5 శాతం, దానిపైన ఇంకో గడి ఉంటుంది, నేను చూసినవాళ్లలో అతి కొద్దిమందిలో ఒకరు, టాప్ 1 శాతం అని. పీజీ అప్లికేషన్ల ఫామ్‌లలో కూడా ఇలాంటి గడులు మామూలే. అంటే లెటర్ చదివేవాడి తలలో ఈ పదాలకి ముందే మెట్లు ఉన్నాయి. రెండూ ఒకే వాక్యంలో పెడితే 'ఈ టీచర్ ఏ మెట్టు అంటోంది' అన్న దానికి జవాబు దొరకదు.

మన ప్రభుత్వ ఉద్యోగులకి ఈ మెట్ల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పైఆఫీసర్ రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్ అని ఉండేవి, ప్రమోషన్‌కి వెరీ గుడ్ కావాలంటే గుడ్ అన్న మంచి మాటే మనిషిని ఆపేసేది. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ప్రమోషన్ బెంచ్‌మార్క్ వెరీ గుడ్ అయినప్పుడు గుడ్ అనే ఎంట్రీ కూడా ఆ ఉద్యోగికి నష్టమే, కాబట్టి అతనికి తెలియజేయాలి అని. డిక్షనరీలో గుడ్ అంటే మంచి. ఫైల్లో అది పదోన్నతి రానివ్వని మాట. ఈ ఉదాహరణ చెప్పగానే మేడమ్‌కి విషయం అర్థమైపోయింది, వాళ్ల ఇంట్లో గవర్నమెంట్ సర్వీసు చేసినవాళ్లున్నారు, "అయితే నేను రాసింది ఒకసారి ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని చూడాలండీ" అని తనే అన్నారు.

చూశాం. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో, మెషీన్స్ ల్యాబ్‌లో 'O' గ్రేడ్. చాలా సబ్జెక్టుల్లో ఏ ప్లస్, ఏ. మ్యాథ్స్ పేపర్లలో బీ ప్లస్. ఇంకేముంది, లెటర్లో అవుట్‌స్టాండింగ్ అకడమిక్ రికార్డ్ అని ఉంది, పక్కనే ట్రాన్‌స్క్రిప్ట్‌లో గుడ్ అని ఉంది, ఆ రెండు కాగితాలూ అడ్మిషన్ కమిటీ ఒకే ఫైల్లో చూస్తుంది. అక్కడ నమ్మకం పోయేది అమ్మాయి మీద కాదు, టీచర్ మాట మీద, అది పోయాక మిగతా వాక్యాలు ఎంత నిజమైనా లాభం లేదు. వెరీ గుడ్ రికార్డ్ అని దించి రాద్దామా అంటే అదీ కుదరదు, రికమండేషన్ లెటర్లలో అందరూ పెంచి రాసేది ఎంత అలవాటైపోయిందంటే వెరీ గుడ్ అంటే అక్కడ చప్పగా వినపడుతుంది. మేం చేసింది ఏంటంటే మార్కుల గురించి విశేషణమే పెట్టలేదు. మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్ చెప్తుంది, టీచర్ చెప్పాల్సింది ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనపడనిది.

అది ఏంటో తెలుసుకోడానికి మేడమ్‌ని ఒకటే అడిగా, ఆ అమ్మాయి చేసిన పనుల్లో మీరు మర్చిపోలేనిది చెప్పండి అని. అప్పుడు వచ్చింది అసలు సంగతి. ల్యాబ్‌లో ఇన్వర్టర్ బోర్డులో మాస్‌ఫెట్లు, అంటే స్విచ్‌లుగా పనిచేసే ట్రాన్సిస్టర్లు, మాటిమాటికీ కాలిపోయేవి. ఇన్వర్టర్‌లో ఈ స్విచ్‌లు జతలుగా, పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి, రెండూ ఒక్క క్షణం కలిసి ఆన్ అయినా సప్లై నేరుగా షార్ట్ అయిపోతుంది, అందుకే ఒకటి ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేలోపు చిన్న గ్యాప్ ఇస్తారు, డెడ్ టైమ్ అంటారు దాన్ని. అందరూ కాలిన మాస్‌ఫెట్ తీసి కొత్తది వేసి ఎక్స్‌పెరిమెంట్ కానిచ్చేస్తుంటే ఈ అమ్మాయి ఆ రెండు స్విచ్‌లనీ ఆన్, ఆఫ్ చేసే గేట్ సిగ్నల్స్‌ని, సిగ్నల్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్‌లో ఒకదానిమీద ఒకటి పెట్టి చూసి, గ్యాప్ చాలట్లేదని పట్టుకుని, కోడ్‌లో మార్చి, కరెంట్ ఇచ్చే ముందు ఇది ఎలా చెక్ చేసుకోవాలో ఒక నోట్ రాసి ల్యాబ్‌లో పెట్టింది, జూనియర్లు ఇప్పటికీ ఆ నోట్ చూసే బోర్డు ఆన్ చేస్తున్నారట.

ఇంత ఉంటే లెటర్లో ఉన్నది 'కమెండబుల్ వర్క్' అన్న రెండు మాటలు. కమెండబుల్ అనేది పైనున్నవాళ్లు కిందున్నవాళ్ల భుజం తట్టే పదం, ప్రయత్నం బాగుంది అన్న ధ్వని ఎక్కువ, ఫలితం బాగుంది అన్నది తక్కువ. దీని చుట్టాలు లాడబుల్, క్రెడిటబుల్ కూడా అంతే, లాడబుల్ ఎయిమ్ అని చదివితే ఇంగ్లిష్ పాఠకుడు తర్వాత 'బట్' కోసం చూస్తాడు, క్రెడిటబుల్ పర్ఫార్మెన్స్ అంటే గెలవలేదు కానీ పరువు దక్కింది అని. పని పూర్తిగా చేసి చూపించిన మనిషికి ఈ మూడూ తక్కువే. ఆ నోట్ గురించి ఎగ్జెంప్లరీ అని రాశాం. ఎగ్జెంప్లరీ అంటే ఇంకొకళ్లు చూసి అలాగే చేయదగ్గది, ఇక్కడ జూనియర్లు నిజంగానే చూసి అలాగే చేస్తున్నారు, కాబట్టి పదం పక్కనే దాని సాక్ష్యం ఉంది. ఈ పదాన్ని ఎక్కడపడితే అక్కడ వాడే ముందు ఒకటి గుర్తుంచుకోండి, కోర్టు భాషలో ఎగ్జెంప్లరీ డ్యామేజెస్ అంటే ఇంకెవరూ అలా చేయకుండా బుద్ధి చెప్పడానికి వేసే పరిహారం, అంటే ఈ పదంలో పొగడ్త కంటే ముందు 'ఉదాహరణ' ఉంది.

అవుట్‌స్టాండింగ్‌ని వదల్లేదు, చోటు మార్చాం. గుంపులోంచి బయటికి నిలబడటం అన్నది ఆ పదంలోనే ఉంది కాబట్టి గుంపు ఏదో చెప్పాలి. మేడమ్‌ని అడిగా, మీ సర్వీసులో ప్రాజెక్టులు చేయించిన పిల్లలందరిలో ఈ అమ్మాయి ఎక్కడుంటుంది అని. కాసేపు ఆగి, "మార్కుల్లో అయితే చెప్పలేనండీ, ల్యాబ్‌లో తప్పు ఎక్కడుందో వెతకడంలో మాత్రం మొదటి పదిమందిలో ఉంటుంది" అన్నారు. సరిగ్గా ఆ మాటనే వాక్యం చేశాం, ఇన్నేళ్లలో నేను గైడ్ చేసినవాళ్లలో ఫాల్ట్ కనిపెట్టే పనిలో మొదటి పదిమందిలో ఒకరు, అవుట్‌స్టాండింగ్ అని. అదే పదం రికార్డ్ పక్కన ఉన్నప్పుడు అబద్ధంలా ఉంది, ఇక్కడ నిజం.

సిన్సియర్, హార్డ్‌వర్కింగ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, అమ్మాయిల లెటర్లలో నేను ఎక్కువ పోట్లాడేది వీటి గురించే. సిన్సియర్ అంటే మనకి బుద్ధిగా చదువుకునే పిల్ల, ఇంగ్లిష్‌లో నటించని మనిషి, క్షమాపణ సిన్సియర్‌గా ఉంటుంది, స్టూడెంట్ సిన్సియర్ అంటే వాళ్లకి ఏం చెప్తున్నామో తెలీదు. హార్డ్‌వర్కింగ్ అర్థమవుతుంది, కానీ ఇంకో సమస్య ఉంది. 2003లో ఫ్రాన్సెస్ ట్రిక్స్, కారొలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక మెడికల్ స్కూల్ ఫ్యాకల్టీ పోస్టులకి వచ్చిన మూడొందలకి పైగా రికమండేషన్ లెటర్లు చదివి చూస్తే, ఆడవాళ్ల గురించి రాసినవాటిలో కష్టపడుతుంది, శ్రద్ధగా చేస్తుంది లాంటి పదాలు మగవాళ్ల లెటర్ల కంటే ఎక్కువ కనపడ్డాయి, ఆడవాళ్ల లెటర్లు చిన్నవి కూడా. రాసినవాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉండక్కర్లేదు, అభిమానంతోనే రాస్తారు, కానీ చదివేవాడికి 'తెలివి మామూలే, కష్టంతో నెట్టుకొస్తోంది' అని వినపడే ప్రమాదం ఉంది. ఆసిలోస్కోప్ పెట్టి కారణం పట్టుకోవడం కష్టపడటం కాదు, ఆలోచించడం. మేడమ్ ఇది విని కాస్త నొచ్చుకున్నారు, తర్వాత తన దగ్గరున్న పాత లెటర్లు తీసి చూసుకుంటానన్నారు. ఆ రెండు పదాలూ తీసేశాం.

డిస్టింగ్విష్డ్ తీసేయడానికి ఎక్కువ వాదన అవసరం పడలేదు. పద్మ అవార్డులు చూడండి, పద్మశ్రీ డిస్టింగ్విష్డ్ సర్వీస్‌కి, పద్మభూషణ్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆఫ్ ఎ హై ఆర్డర్‌కి, పద్మవిభూషణ్ ఎక్సెప్షనల్ అండ్ డిస్టింగ్విష్డ్ సర్వీస్‌కి. ఆగస్టు 15కి పేపర్లో వచ్చే పోలీసు మెడల్స్ లిస్టులో కూడా మెరిటోరియస్ సర్వీస్ కింద మెట్టు, డిస్టింగ్విష్డ్ సర్వీస్ పైది. ఏళ్ల తరబడి చేసిన పని వెనక ఉండాలి ఈ పదానికి, బీటెక్ పూర్తవుతున్న అమ్మాయి పక్కన పెడితే చొక్కా పెద్దదైపోయినట్టు ఉంటుంది. మార్కుల మెమోలో ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్ అని ఉంటుంది కాబట్టి మనవాళ్లకి ఇది దగ్గరగా అనిపిస్తుంది, డిస్టింక్షన్ వచ్చింది అనొచ్చు, డిస్టింగ్విష్డ్ అనకూడదు. ఎస్టీమ్డ్ యూనివర్సిటీ కూడా వెళ్లిపోయింది, యూనివర్సిటీ పేరు రాస్తే చాలు. బ్రిలియంట్ కూడా, బ్రిటన్‌లో అది టీ తెచ్చిచ్చినా అనే మాట, అమెరికాలో మేధావిని అనే మాట, ఈ లెటర్‌కి రెండూ కావు.

ఇక వర్దీ, డిజర్వింగ్. రెండో లెటర్ అంతా వీటి మీదే నడిచింది. మేడమ్ ట్రస్టుకి రాసిన దాంట్లో 'షి ఈజ్ వర్త్ ఫర్ ద స్కాలర్‌షిప్' అని ఉంది. ఇది మన దగ్గర చాలా మామూలు వాక్యం. ఇంగ్లిష్‌లో మనిషి పక్కన వర్త్ పెట్టి సంఖ్య వేస్తే ఆస్తి విలువ అవుతుంది, నెట్ వర్త్ అంటాం కదా అదే, స్కాలర్‌షిప్ అడుగుతున్న అమ్మాయి గురించి అసలు రాకూడని ధ్వని. వర్త్ తర్వాత 'టు' రాదు, 'ఫర్' రాదు, వర్త్ రీడింగ్, వర్త్ కన్సిడరింగ్ అని ఐఎన్‌జీతో వెళ్తుంది. వర్దీకి 'ఆఫ్' కావాలి, వర్దీ ఆఫ్ సపోర్ట్, వర్దీ ఆఫ్ కన్సిడరేషన్. అదే వర్దీని నేరుగా నామవాచకం ముందు పెడితే జాగ్రత్త, వర్దీ కాజ్, వర్దీ అపోనెంట్ బాగానే ఉంటాయి, కానీ వర్దీ బుక్ అంటే బ్రిటిష్ పాఠకుడికి ఉద్దేశం మంచిదే, చదవడానికి విసుగు అని వినపడుతుంది. వర్దీ క్యాండిడేట్ అన్నది ఆ రెండిటి మధ్యలో వేలాడుతూ ఉంటుంది, దేనికి తగినదో చెప్పదు.

డిజర్వింగ్‌లో ఉన్నది వేరే సంగతి, హక్కు, రావాల్సినది రావడం. దానధర్మాల సందర్భంలో దీనికి పాత చరిత్ర ఉంది, ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలో పేదల చట్టాల చుట్టూ జరిగిన వాదనల్లో పేదల్ని డిజర్వింగ్, అన్‌డిజర్వింగ్ అని రెండుగా చీల్చి, సాయం ఎవరికి న్యాయమో తేల్చేవాళ్లు. ఆ వాసన ఇప్పటికీ ఉంది, మన ట్రస్టుల ప్రకటనల్లో 'పూర్ అండ్ డిజర్వింగ్' అని జంటగా కనపడుతుంటుంది. కాబట్టి అడ్మిషన్ లెటర్లో డిజర్వింగ్ అక్కర్లేదు, ఆ కమిటీ చూసేది ఈ ప్రోగ్రామ్‌కి సరిపోతుందా లేదా అని, ఎవరికి రావాల్సి ఉంది అని కాదు. ట్రస్టు లెటర్లో మాత్రం అదే సరైన పదం, పక్కన కారణం ఉంటే. నాన్నగారు కౌలు రైతు, ఇంట్లో ఇద్దరు చదువుకుంటున్నారు, అమ్మాయి చదువు మొత్తం ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచింది, ఇవి అమ్మాయి అనుమతి తీసుకుని రెండు వాక్యాల్లో రాశాం, ఆ తర్వాత డిజర్వింగ్. ఎలిజిబుల్ ఒక్కసారే వాడాం, ఆదాయ పరిమితి, మార్కుల శాతం నిబంధనలకి లోబడి ఉంది అని చెప్పడానికి, అది పొగడ్త కాదు, రూల్‌కి సరిపోవడం అంతే.

చివరికి అడ్మిషన్ లెటర్లో పొగిడే పదాలు రెండే మిగిలాయి, అవుట్‌స్టాండింగ్, ఎగ్జెంప్లరీ, మిగతా పేజీ అంతా ఆ ఇన్వర్టర్ కథ. మొదట మేడమ్‌కి చప్పగా అనిపించింది, "ఏమీ చెప్పనట్టు ఉందండీ" అన్నారు, రెండోసారి చదివి "ఇది మా అమ్మాయే" అన్నారు. తర్వాత అడ్మిట్ వచ్చింది, స్కాలర్‌షిప్ కూడా వచ్చింది, లెటర్ల వల్లే అని నేను చెప్పను, స్కోర్లున్నాయి, ఎస్‌ఓపీ ఉంది, ఆ అమ్మాయి చేసిన పని ఉంది.

ఆఖరి వాక్యం దగ్గర మాత్రం కాసేపు ఆగాం. మేడమ్ 'ఐ రికమండ్ హర్ వితౌట్ రిజర్వేషన్' అని రాయాలనుకున్నారు, ఎక్కడో చూశారట. ఇది పెద్ద మాట, నా మనసులో ఒక్క సందేహం కూడా లేదు అని. మ్యాథ్స్ సంగతి ఏంటి మేడమ్ అన్నా. మ్యాథ్స్ ఎక్కువగా ఉండే కోర్సుల్లో మొదటి సెమిస్టర్ ఇబ్బంది పడొచ్చని తనకే అనిపిస్తోందని నిజాయితీగా చెప్పారు, కాబట్టి అమెరికా లెటర్లో 'స్ట్రాంగ్లీ' పెట్టాం. ట్రస్టు విషయంలో ఆవిడకి ఏ సందేహమూ లేదు, అక్కడ ఆ మాట అర్థం ప్రకారం సరిపోతుంది, కానీ చదివేది మనవాళ్లు, రిజర్వేషన్ అనగానే వాళ్లకి ముందు తట్టేది సీట్ల కోటా, ఫైల్ మీద ఇంకెవరో నోట్ రాసేటప్పుడు తికమక పడతారు. అక్కడ 'హోల్‌హార్టెడ్లీ' అని మార్చి మేడమ్‌కి పంపాను, సాయంత్రానికి లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి స్కాన్ చేసి పంపేశారు.